టోకెన్ లైటు వెలిగింది, సైటు మాత్రం పలకలేదు

2025 అక్టోబరు 26 ఆదివారం మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్‌లోంచి విండోస్ వెళ్ళిపోయి దాని చోట ఉబుంటు అనే లైనక్స్ వచ్చింది. నవంబరు 19 రాత్రి పదకొండుంబావుకు అదే ల్యాప్‌టాప్ నుంచి మొదటిసారి డిజిటల్ సంతకంతో ఒక జీఎస్టీ రిటర్ను వెళ్ళింది. మధ్యలో ఇరవై నాలుగు రోజులు. ఆ రోజుల్లో నేను పడ్డ పాట్లలో ముప్పాతిక వంతు అక్కర్లేనివే అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియదు కదా. నాలాగే పాత మెషీన్ మీద లైనక్స్ వేయించుకుని, బ్రౌజర్లో ఏదో ఒకటి పనిచేయక తల పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటారేమోనని, జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

నేనుండేది తిరుపతి బైరాగిపట్టెడలో. ఇంట్లోనే కూర్చుని ఏడెనిమిది కొట్లకీ, రెండు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకీ లెక్కలు చూస్తాను, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేస్తాను. కంప్యూటరంటే నాకు ఎక్సెల్, బ్రౌజరు, ప్రింటరు. ఆ మూడూ దాటితే ఏమీ తెలియదు. ల్యాప్‌టాప్ 2016లో కొన్నది, ఆరో తరం ఐ3. విండోస్ 10కి అక్టోబరు 14తో అప్‌డేట్లు ఆపేశారు. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైవాటికేనట. కొత్తది కొనాలంటే ఎంత బేరమాడినా ముప్పై అయిదు వేలు. డిసెంబరులో మావాడి ఇంటర్ ఫీజు కట్టాలి. అందుకని పక్క వీధిలో ఇంజినీరింగ్ ఫైనలియర్ చదివే పిల్లోణ్ణి పిలిచాను.

వాడు తిలక్ రోడ్డులో 1,900కి 256 జీబీ ఎస్ఎస్‌డీ కొనిపించాడు, పాత హార్డ్ డిస్క్ తీసి అది బిగించాడు, ఉబుంటు 24.04 ఎక్కించాడు. డబ్బులు వద్దంటే వినకుండా 500 జేబులో పెట్టాను. ఇదివరకు మెషీన్ ఆన్ చేసి, కాఫీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగి వచ్చినా ఇంకా గుండ్రాలు తిరుగుతూ ఉండేది. ఇప్పుడు డికాక్షన్ దిగేలోపు రెడీ. ఆ సాయంత్రం నా ఆనందానికి హద్దు లేదు. పోయే ముందు వాడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తెరిచి యాడ్స్ ఆపే ఎక్స్‌టెన్షన్ ఒకటి వేశాడు, యూబ్లాక్ ఆరిజిన్. దాని సెట్టింగుల్లోకి వెళ్ళి, ఏమేం ఆపాలో చెప్పే లిస్టులకి వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. "ఉన్న లిస్టులన్నీ ఆన్ చేసేశానాంటీ, ఇంక మీకు ఒక్క యాడ్ కూడా రాదు" అన్నాడు. పాత బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కూడా ఇందులోకి తెచ్చిపెట్టాడు.

మొదటి చిక్కు మర్నాడే వచ్చింది. నేను డబ్బు కట్టి చేరిన ఒక ఆన్‌లైన్ క్లాసు ఉంది. వీడియో నొక్కితే నల్లటి గడి, మాట లేదు, బొమ్మ లేదు. మావాణ్ణి అడిగితే "ప్లగిన్ లేదేమోలే మా" అని వాడి ఫోన్లో వాడు పడిపోయాడు. ప్లగిన్ అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం. ఆ మాట పట్టుకుని రెండు గంటలు తిరిగాను. చివరికి తేలిందేమిటంటే, పేజీ పైన సన్నటి పట్టీ ఒకటి వస్తోంది, నేనే చూడలేదు. కాపీ రక్షణ ఉన్న వీడియోలు ఆడించడానికి ఒప్పుకుంటారా అని అడుగుతోంది. సెట్టింగుల్లో, జనరల్ కింద, డీఆర్ఎం కంటెంట్ అన్న చోట టిక్ పెట్టాలి. పెట్టాక యాడ్-ఆన్స్ పేజీలో ప్లగిన్స్ అనే భాగానికి వెళితే అలాంటి వీడియోలు ఆడించే వైడ్‌వైన్ అన్న పేరు పక్కన "త్వరలో ఇన్‌స్టాల్ అవుతుంది" అని కనిపించింది. త్వరలో అంటే ఎప్పుడు? పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. బ్రౌజర్ మూసి తెరిస్తే వచ్చేసింది. ఇప్పటి ఫైర్‌ఫాక్స్‌లో ఆ ప్లగిన్స్ పేజీలో మామూలుగా కనబడేవి రెండే: ఇదొకటి, ఓపెన్ హెచ్264 అని ఇంకొకటి. మనం వేసుకునేవన్నీ ఎక్స్‌టెన్షన్స్, అవి వేరే పేజీలో ఉంటాయి. ఈ తేడా నాకు ముందే తెలిసి ఉంటే తరువాతి వారంలో రెండు రోజులు మిగిలేవి.

రెండోది 29న. ఒక కొట్టాయన పంపిన వీడియో ఫైలు తెరుచుకోలేదు. ఉబుంటు రిస్ట్రిక్టెడ్ ఎక్స్‌ట్రాస్ అనే ప్యాకేజీ వేసుకోమని ఆ ఇంజినీరింగ్ పిల్లోడు ఒక కమాండ్ పంపాడు. టెర్మినల్ అనే నల్లటి కిటికీలో నా జీవితంలో మొట్టమొదటి కమాండ్ అదే. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతున్నాను, తెరమీద ఒక్క చుక్క కూడా పడటం లేదు. కీబోర్డు పోయిందనుకుని ఇంకోదాంట్లో కొట్టి చూసుకున్నాను, బాగానే ఉంది. తరువాత తెలిసింది, అక్కడ పాస్‌వర్డ్ కొడితే ఏమీ కనబడదు, అది అంతే. గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కాలి.

సరే, డౌన్‌లోడ్ మొదలైంది. ఉన్నట్టుండి కిటికీ అంతా వంకాయ రంగులోకి మారిపోయి, మధ్యలో ఒక బూడిద రంగు పెట్టె, దాన్నిండా ఇంగ్లీషు, అడుగున ఓకే అని. మౌస్‌తో నొక్కాను, కదల్లేదు. ఎంటర్ నొక్కాను, కదల్లేదు. అక్షరాలా నలభై నిమిషాలు దానితో కూర్చున్నాను. మధ్యలో కుక్కర్ కూత పెడితే లేచి వెళ్ళి వచ్చాను, అది అక్కడే ఉంది. విసుగొచ్చి కిటికీ మూసేశాను. ఇంక ఆ రోజు మొదలు ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా "లాక్ దొరకలేదు" అని మొరాయించడం. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాక వేరే మెసేజ్ వచ్చింది, సగంలో ఆగింది, ఫలానా కమాండ్ కొట్టండి అని అదే రాసింది. దాని మాటే దానికి తిరిగి అప్పజెప్పాను. మళ్ళీ వంకాయ తెర. ఈసారి పిల్లోడు ఫోన్లో ఉన్నాడు. "ట్యాబ్ నొక్కండాంటీ." ట్యాబ్ నొక్కితే ఓకే మీద రంగు పడింది, ఎంటర్ నొక్కితే పోయింది. మైక్రోసాఫ్ట్ అక్షరాలు వాడుకోవడానికి ఒప్పందమట అది. నలభై నిమిషాలకు బదులు ఒక్క ట్యాబ్.

ఇవన్నీ పిల్ల చిక్కులు. అసలుది నవంబరు 3న మొదలైంది.

కొట్లవాళ్ళ రిటర్నులకి ఫోన్‌కి వచ్చే ఓటీపీ చాలు. కంపెనీలకి అలా కుదరదు, డీఎస్‌సీ, అంటే డిజిటల్ సంతకం సర్టిఫికెట్, ఉండాల్సిందే. పెన్ డ్రైవ్ లాంటి చిన్న యూఎస్‌బీ టోకెన్, అందులో డైరెక్టరు గారి సంతకం. ఒక కంపెనీ వాళ్ళు వాళ్ళ ఆఫీసులోనే సంతకం పెట్టుకుంటారు. రెండోది రేణిగుంట దారిలో చిన్న ప్రింటింగ్ కంపెనీ. ఆ డైరెక్టరు గారబ్బాయి టోకెన్ పట్టుకుని స్కూటర్ మీద మా ఇంటికి వస్తాడు, పిన్ వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి కనుక్కుని తనే కొడతాడు, తీసుకుని పోతాడు. నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి, పది నిమిషాల పని.

అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1కి గడువు 11న కదా, లైనక్స్‌లో ఒకసారి పరీక్ష చేసి చూద్దామని 3న ముందే రమ్మన్నాను. టోకెన్ పెట్టాను, ఎర్ర లైటు వెలిగింది. జీఎస్టీ సైటులో సంతకం బటన్ నొక్కితే, సంతకం పెట్టించే సహాయక ప్రోగ్రాం నడవడం లేదు అని చెప్పింది. నిజమే, నేను వేయలేదు కదా. లైనక్స్‌కి కూడా ఇచ్చారు, దించాను. రెండుసార్లు నొక్కితే ప్రోగ్రాం నడవకుండా టెక్స్ట్ ఎడిటర్లో పిచ్చి గీతల్లా తెరుచుకుంది. ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో, దీన్ని ప్రోగ్రాంగా నడపొచ్చు అనే మీట వేయాలట. వేశాను. అది నడవడానికి కావాల్సిన జావా లేదంది. జావా వేశాను. అప్పుడు నడిచింది. వాళ్ళ సూచనల్లో ఉన్నట్టే, బ్రౌజర్లో 127.0.0.1 తెరిచి, అది ప్రమాదం సుమా అని ఫైర్‌ఫాక్స్ హెచ్చరిస్తే, అడ్వాన్స్‌డ్ నొక్కి ఒప్పుకున్నాను. 127.0.0.1 అంటే ఎవరి మెషీన్ వాళ్ళకే అడ్రసు, కాబట్టి ఇక్కడ పర్వాలేదు. వేరే సైట్లలో ఆ హెచ్చరిక వస్తే మాత్రం ఒప్పుకోకండి. సహాయక ప్రోగ్రాం పేజీ చక్కగా తెరుచుకుంది, "నడుస్తోంది" అని కూడా రాసింది.

మళ్ళీ సైటుకి వెళ్ళి సంతకం నొక్కాను. సహాయక ప్రోగ్రాం నడవడం లేదు.

నేరుగా పిలిస్తే పలుకుతోంది. సైటు పిలిస్తే పలకడం లేదు. అసలు ఆచూకీ అంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది, కానీ నాకు ఆ రోజు అది కనబడలేదు. ఆ అబ్బాయి యాభై నిమిషాలు కుర్చీలో కూర్చుని, రెండుసార్లు టీ తాగి, "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు మేడం?" అని లేచాడు. గొంతులో కోపం లేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

4, 5 తేదీలు ఒక వీడియో పాలయ్యాయి. లైనక్స్‌లో బ్రౌజర్‌కి జావా ప్లగిన్ ఎలా పెట్టాలో ఎవరో చక్కగా చూపించారు. హోమ్ ఫోల్డర్లో దాచిన ఫోల్డర్లను కంట్రోల్ హెచ్ నొక్కి చూడాలి, అందులో మొజిల్లా ఫోల్డర్, దానిలో ప్లగిన్స్ అని కొత్త ఫోల్డర్ చేసి, జావాలోని ఒక ఫైలుకి లింకు పెట్టాలి. ఆ ఫైలు నా మెషీన్లో లేదు. లేని ఫైలు కోసం రెండు రోజులు వెతికాను, నాలుగు రకాల జావాలు వేశాను, తీశాను. నేను తెలివితక్కువదాన్నా, లేక నా కంప్యూటరే వేరేదా అనిపించింది. పగలంతా వేరే పని, రాత్రి తొమ్మిది తరువాత ఇది. బుధవారం రాత్రి ఒంటిగంటకి ల్యాప్‌టాప్ మూసి, ఏడుపొక్కటే తక్కువ.

6వ తేదీ రాత్రి మా చిన్నమ్మ కొడుక్కి ఫోన్ చేశాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్. వాడికి తీరిక రాత్రి తొమ్మిదిన్నర తరువాతే.

"అక్కా, ఆ వీడియో ఏ సంవత్సరానిదో చూసినావా?"

చూడలేదు. చూస్తే 2013. ఆ రకం ప్లగిన్లను ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో, 52వ వెర్షన్‌తోనే తీసేసిందట, ఒక్క ఫ్లాష్‌ని మాత్రం మిగిల్చి. ఆ ఫ్లాష్ కూడా 2020 డిసెంబరుతో సరి. క్రోమ్ ఇంకా ముందే, 2015లోనే మానేసింది. అందుకే ఇప్పుడు సంతకాలకీ వాటికీ ఇలా విడిగా సహాయక ప్రోగ్రాంలు వచ్చాయి. అంటే ఎనిమిదేళ్ళ కింద మూసేసిన తలుపు తాళంచెవి కోసం నేను రెండు రోజులు వెతికానన్నమాట. వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆ నవ్వు వేరు.

వాడు పద్ధతిగా మొదలుపెట్టాడు. ముందు టోకెన్ మెషీన్‌కి కనిపిస్తోందా? శనివారం ఆ అబ్బాయిని టోకెన్ ఒక రోజు నా దగ్గర ఉంచమన్నాను, పిన్ మాత్రం నాకు చెప్పొద్దన్నాను. యూఎస్‌బీ లిస్టు చూసే కమాండ్ కొడితే టోకెన్ పేరు వచ్చింది. స్మార్ట్ కార్డుల కోసం వెనకాల ఒక సర్వీసు నడవాలట, దాని పేరు పీసీఎస్‌సీడీ. అది లేదు, వేశాం. తయారీవాళ్ళిచ్చే లైనక్స్ డ్రైవరూ వేశాం. ఇంకో కమాండ్ పెట్టి టోకెన్ తీస్తే "కార్డు తీశారు", పెడితే "కార్డు పెట్టారు" అని తెర మీద చెప్పడం మొదలైంది. చిన్నపిల్లలాగా అయిదారుసార్లు తీసి పెట్టి చూసుకున్నాను. వారం రోజుల్లో నేను చెప్పిన మాట విన్నది అదొక్కటే.

అయితే ఇవి కావాల్సినవే. డ్రైవరూ ఆ సర్వీసూ లేకపోతే తరువాత ఎలాగూ ఆగేది.

ఆ తరువాత వాడు ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో సెక్యూరిటీ డివైసెస్ అనే చోట ఆ డ్రైవర్ ఫైలుని ఎక్కించి చూడమన్నాడు. "మాడ్యూల్ చేర్చలేకపోయాం" అని ఒక చిన్న పెట్టె, కారణం లేదు. హెల్ప్‌లో అబౌట్ ఫైర్‌ఫాక్స్ తెరిచి ఏముందో చదవమన్నాడు. "ఫైర్‌ఫాక్స్ స్నాప్ ఫర్ ఉబుంటు" అని ఉంది. "అదీ సంగతి" అన్నాడు. 22.04 నుంచి ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తోంది. స్నాప్ అంటే ప్రోగ్రాంని దాని సామాన్లతో సహా ఒక పెట్టెలో పెట్టి ఇవ్వడం. భద్రత కోసమే. ఆ పెట్టెలో ఉన్న బ్రౌజర్‌కి బయట సిస్టమ్ ఫోల్డర్లలో మనం వేసిన డ్రైవర్ కనబడదు. సైటు పని జరగకపోవడానికీ ఇదే కారణం అయ్యుంటుందని వాడూ అనుకున్నాడు, నేనూ నమ్మాను.

ఇంతలో 11 వచ్చేసింది, జీఎస్‌టీఆర్-1 ఆఖరు రోజు. ఇంక లాభం లేదని తెలిసిన అకౌంటెంట్ గారి ఆఫీసుకి వెళ్ళాను, లీలామహల్ సర్కిల్ దగ్గర. ఆ అబ్బాయీ వచ్చాడు. వాళ్ళ విండోస్ కంప్యూటర్లో టోకెన్ పెట్టగానే ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఆ ఆరు నిమిషాలూ నేను నిలబడే ఉన్నాను, కూర్చోమన్నా కూర్చోలేదు. అకౌంటెంట్ గారు పైసా తీసుకోలేదు, 240 పెట్టి స్వీట్లు కొనిచ్చాను. మెట్లు దిగుతుంటే ఆ అబ్బాయి "మేడం, ఒక విండోస్ ల్యాప్‌టాప్ తీసేసుకోకూడదా?" అన్నాడు. మంచికే అన్నాడు. "ఈ 20 దాకా చూద్దాం నాయనా" అన్నాను. జీఎస్‌టీఆర్-3బీకి, అంటే నెల పన్ను కట్టే రిటర్నుకి, గడువు 20. దాటితే రోజుకి 50 చొప్పున లేటు ఫీజు, అది వాళ్ళ నెత్తిన పడాల్సింది కాదు.

14, 15 తేదీల్లో స్నాప్ తీసేసి మామూలు ఫైర్‌ఫాక్స్ వేసే పని పెట్టుకున్నాం. ఇక్కడో బోల్తా ఉంది, జాగ్రత్త. స్నాప్‌ని తీసేసి, ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్ అని కొడితే ఎంతో బుద్ధిగా ఇన్‌స్టాల్ అవుతుంది. తెరిచి అబౌట్ చూస్తే మళ్ళీ స్నాపే. ఉబుంటులో ఆ పేరుతో ఉన్న ప్యాకేజీ పనల్లా స్నాప్‌ని తెచ్చిపెట్టడం. ముందు తలుపులోంచి పంపేస్తే పెరటి తలుపులోంచి వచ్చినట్టు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ళే 2024 జనవరి నుంచి స్నాప్ కాని డెబ్ ప్యాకేజీ ఇస్తున్నారు. వాళ్ళ రిపాజిటరీ, అంటే ప్యాకేజీలు దించుకునే చోటు, చేర్చి, దానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వమని ఒక చిన్న ఫైల్లో 1000 అనే అంకెతో రాసిపెట్టాలి. అది రాయకపోతే పెరటి తలుపే. బెంగళూరు నుంచి వాడు చెబుతుంటే ఒక్కో అక్షరం కొట్టాను. శుక్రవారం రాత్రి ఒకసారి తప్పింది, శనివారం రాత్రి కుదిరింది.

కొత్త ఫైర్‌ఫాక్స్ తెరుచుకుంది. ఖాళీ. బుక్‌మార్కులు లేవు, పాస్‌వర్డులు లేవు. నా గుండె జారిపోయింది. ఎనిమిదిమంది కొట్లవాళ్ళ లాగిన్లు అందులో ఉన్నాయి. "పోలేదక్కా, స్నాప్ వాటిని వేరే తావ దాచిపెడతాది, రేపు తెద్దాం" అన్నాడు వాడు. స్నాప్‌ని తీసేస్తే ఆ ఫోల్డర్ కూడా పోవచ్చు, నాది నిలిచి ఉండటం నా అదృష్టం. మీరు ఈ పని చేస్తే ముందు హోమ్‌లో స్నాప్ అనే ఫోల్డర్ మొత్తం పెన్ డ్రైవ్‌లోకి కాపీ తీసుకుని మరీ మొదలుపెట్టండి. నిద్ర పట్టక రెండుసార్లు లేచి ఆ ఫోల్డర్ ఉందో లేదో చూసుకున్నాను.

ఆదివారం పొద్దున ఆ అబ్బాయి వచ్చాడు. కొత్త ఫైర్‌ఫాక్స్‌లో సెక్యూరిటీ డివైసెస్‌లో డ్రైవర్ ఎక్కింది! పిన్ కొట్టాడు, సర్టిఫికెట్ల లిస్టులో వాళ్ళ నాన్నగారి పేరు కనిపించింది. ఇద్దరం చప్పట్లు కొట్టినంత పనైంది. సైటు తెరిచి సంతకం నొక్కాం.

సహాయక ప్రోగ్రాం నడవడం లేదు.

అతను ఏమీ అనకుండా టోకెన్ జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుసు. బ్రౌజర్ కొత్తది, 127.0.0.1 హెచ్చరికని ఇందులో మళ్ళీ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు బ్రౌజర్ ప్రొఫైల్లో, అంటే మన సెట్టింగులూ పాస్‌వర్డులూ దాచే ఫోల్డర్లో, ఉంటుంది, పాతదాంట్లో చేసింది దీనికి వర్తించదు. అది నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆ క్షణమే పని అయిపోయేది, ఎందుకంటే ఆ ఖాళీ ఫైర్‌ఫాక్స్‌లో అడ్డుపడేది ఇంకేదీ లేదు. నేనేం చేశాను? ఆ సాయంత్రమే పాత ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం తెచ్చి ఇందులో పెట్టాను. బుక్‌మార్కులు వచ్చాయి, పాస్‌వర్డులు వచ్చాయి, ఒప్పుకోలూ వచ్చింది. వాటితోపాటు పాత జబ్బూ వచ్చింది. ఇల్లు మారుతూ చెదల పెట్టెని కూడా బండెక్కించుకున్నట్టు.

17, 18 తేదీల్లో నేనేమీ ముట్టుకోలేదు. వానలు, మధ్యమధ్య కరెంటు పోవడం. ఎలాగూ 20న మళ్ళీ లీలామహల్ సర్కిల్‌కే పోవాలి అని మనసులో ఖాయం చేసుకున్నాను.

19 బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి బెంగళూరు నుంచి వాడే ఫోన్ చేశాడు. "అక్కా, నేను మొదటి రోజే అడగాల్సింది. ఎక్స్‌టెన్షన్లు ఏమేం ఉండాయి?" మూడు. పీడీఎఫ్‌లు కలిపేది ఒకటి, స్క్రీన్‌షాట్ తీసేది ఒకటి, యాడ్స్ ఆపేది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ అని ఉంటుంది, అది నొక్కమన్నాడు. బ్రౌజర్ మూసుకుని మళ్ళీ తెరుచుకుంది, ఎక్స్‌టెన్షన్లు అన్నీ తాత్కాలికంగా ఆగిపోయాయి. సైటులో లాగిన్ అయి సంతకం బటన్ నొక్కాను.

"టోకెన్ పెట్టండి" అంది.

పదిహేడు రోజుల్లో మొదటిసారి వేరే మాట. నేను "ఆఁ" అని అరిచిన అరుపుకి మావాడు గదిలోంచి బయటికొచ్చాడు.

బ్రౌజర్లో ఏ చిక్కు వచ్చినా మొదట నొక్కాల్సింది ఆ ట్రబుల్‌షూట్ మోడ్‌నే అని నా అభిప్రాయం. రెండు నిమిషాల పని, ఏదీ చెరగదు. దాంట్లో పనిచేస్తే నేరం ఎక్స్‌టెన్షన్లదే అనుకోవచ్చు, చాలావరకు. పనిచేయకపోతే అప్పుడు డ్రైవర్లూ స్నాపులూ. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను.

మామూలు మోడ్‌కి వచ్చి ఒక్కొక్కటే ఆపాం. పీడీఎఫ్‌ది ఆపితే తేడా లేదు. స్క్రీన్‌షాట్‌ది ఆపితే లేదు. యూబ్లాక్ ఆపగానే పలికింది. వాడు దాని లాగర్ తెరిపించాడు, ఏది ఆపిందో వరసగా చూపించే పేజీ అది. సైటు బటన్ నొక్కిన ప్రతిసారీ 127.0.0.1 అన్న వరస ఎర్రగా పడుతోంది. పక్కన లిస్టు పేరు ఉంది, "బ్లాక్ అవుట్‌సైడర్ ఇంట్రూజన్ ఇంటూ లాన్". బయటి సైట్లు మన ఇంటి నెట్‌వర్కులోకి, మన మెషీన్లోకి తొంగిచూడకుండా ఆపే లిస్టు. మంచిదే, కానీ మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఉన్నవన్నీ టిక్ పెట్టినప్పుడు అదీ ఆన్ అయింది. మా సైటు చేసేది అచ్చం అదే పని, బయటినుంచి వచ్చి నా మెషీన్లో ఉన్న ప్రోగ్రాంని పిలవడం. నేను అడ్రసు కొట్టి తెరిస్తే నేను ఇంటి మనిషిని కాబట్టి వదిలేది, సైటు పిలిస్తే బయటివాడని ఆపేది. మూడో తేదీన నా కళ్ళ ముందే ఉన్న ఆచూకీ ఇదే.

ప్రైవసీ అనే గుంపు కింద ఉంది ఆ టిక్. తీశాను, మార్పులు వర్తింపజేయి అని నొక్కాను. టైము పదీ పది. ఆ అబ్బాయికి ఫోన్ చేయాలా వద్దా అని కాసేపు చూశాను. చేశాను. "వస్తున్నా మేడం" అన్నాడు, ఇంక నమ్మకం లేని గొంతుతో. చినుకుల్లో రెయిన్‌కోటు వేసుకుని పదకొండుకి వచ్చాడు. గడప దగ్గరే నిలబడి టోకెన్ ప్లాస్టిక్ కవర్లోంచి తీసి, చొక్కాకి తుడిచి ఇచ్చాడు. పిన్ కొట్టాడు. సంతకం పడింది. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు వచ్చింది. నేను దాన్ని ప్రింటు తీశాను, అవసరం లేకపోయినా. ఇంత రాత్రి ఏముంటుంది, డబ్బాలో బొరుగులుంటే ఉల్లిపాయ, నిమ్మకాయ కలిపి పెట్టాను. తిని వెళ్ళాడు.

ఖర్చు లెక్క చూసుకుంటే ఎస్ఎస్‌డీ 1,900, పిల్లోడికి 500, స్వీట్లు 240, ఆటోలు ఒక 160, మొత్తం 2,800. కొత్త ల్యాప్‌టాప్ ముప్పై అయిదు వేలతో పోలిస్తే నాకు లాభమే. పోయిన నిద్ర లెక్కలో వేయలేదు. మామూలు ఫైర్‌ఫాక్స్ అలాగే ఉంచేసుకున్నాను. సెక్యూరిటీ డివైసెస్‌లో డ్రైవర్ ఎక్కించడం మా సైటుకి అసలు అక్కర్లేదట, టోకెన్‌ని చదివేది సహాయక ప్రోగ్రామే. అంటే స్నాప్ కథ మొత్తం ఉత్తదే, నా పనికి సంబంధించినంత వరకు.

20 సాయంత్రం ఇంజినీరింగ్ పిల్లోడు వీధిలో కనిపించి బండి ఆపాడు.

"ఎట్లుందాంటీ ఉబుంటు? యాడ్స్ ఏం రావడం లేదు కదా?"

"ఒక్కటి కూడా రావడం లేదు నాయనా" అన్నాను.